కోల్మన్ మిగిల్చిన యాభై తొమ్మిది కిలోమీటర్లు

మా కిల్‌మొరాన్‌లో మాంసం కొట్టు కోల్మన్ మారినన్‌ని తెల్ల ఏప్రాన్ లేకుండా చూసినవాళ్ళు తక్కువ. సూటు వేసుకుని చర్చికి వచ్చినా, కోటు కింద ఏప్రాన్ ఉందేమోనని నాకు అనుమానంగానే ఉంటుంది. అలాంటి మనిషి యాభై నాలుగేళ్ళ వయసులో, నూట రెండు కిలోల ఒంటితో, మే నెల ఆఖరి ఆదివారం పొద్దున్నే కొట్టు వెనక తలుపులోంచి బయటికొచ్చాడు. ఒంటిమీద పసుప్పచ్చ బిగుతు చొక్కా, నల్ల బిగుతు నిక్కరు. చొక్కా ఎంత పసుపంటే, గోడ మీద పిల్లి లేచి వెళ్ళిపోయింది.

ఆ నిక్కరుకి వెనక వైపు ఒక మెత్త కుట్టి ఉంటుంది. సైకిల్ మీద కూర్చున్నంతసేపూ సుఖంగానే ఉంటుందిట. నడిచేటప్పుడు మాత్రం తడిపేసుకున్న పసివాడి గుడ్డలా వేలాడుతుంది. బూట్ల అడుగున పెడళ్ళకి తగులుకునే బిళ్ళలు ఉంటాయి. అడుగు వేస్తే టక్కు టక్కుమని, బండల మీద మేక నడిచినట్టు చప్పుడు.

"ఏరా మల్లకీ, అలా చూస్తావేం? మనిషిని చూళ్ళేదా?" అన్నాడు.

"చూశాను గాని, ఇంత వివరంగా ఎప్పుడూ చూళ్ళేదు."

"నవ్వుకో. ఇంకా ఆరు రోజులే! అరవై కిలోమీటర్లు ఇవాళ. రాత్రంతా నిద్రపట్టలేదురా, తెలుసా?" అని చెయ్యి ఊపి, ఊగుతూ ఊగుతూ సైకిలెక్కి, సందు చివర పాలబండిని రెండంగుళాల్లో తప్పించుకుని వెళ్ళిపోయాడు.

జూన్ మొదటి శనివారం మా ఊళ్ళో నర్సుల సైకిల్ యాత్ర. నూట నలభై కిలోమీటర్లు. ఊరి హాలు దగ్గర పొద్దున్న ఎనిమిదింటికి బయల్దేరి, సముద్రం పక్కనించి జిల్లా అంతా చుట్టి, నాక్‌రో కొండ ఎక్కి దిగి, మళ్ళీ హాలు దగ్గరికే రావాలి. తొక్కేవాళ్ళని నమ్మి ఊరివాళ్ళు చందాలు రాస్తారు. ఆ చందాలతో, ఇక రోజులు దగ్గరపడ్డవాళ్ళ ఇళ్ళకి నర్సులు వచ్చి మంచం పక్కన కూర్చుంటారు. నా పని అందరికంటే వెనక వ్యాను తోలడం. అందులో పంపులు, కట్టుగుడ్డలు, అరటిపళ్ళు, ఇక వల్లకాదన్నవాళ్ళు కూర్చోవడానికి రెండు బల్లలు ఉంటాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పెయ్యాలి. అప్పటికి ఊళ్ళో ఇద్దరికే తెలిసిన సంగతి.

పోయినేడు ఇదే యాత్రలో, ఎనభై ఒకటో కిలోమీటరు దగ్గర, నాక్‌రో కొండ మొదట్లో, వాన అడ్డంగా కొడుతుంటే కోల్మన్ ఆగిపోయాడు. నేను వెనకే వ్యానులో వేడిగాలి పెట్టుకుని, వేయించిన సాసేజీలు తింటున్నాను. అవి అతని కొట్టులోవే. అతను నన్ను చూశాడు. సాసేజీలని చూశాడు. నేను పక్క తలుపు తీశాను.

హాలుకి అర కిలోమీటరు ముందు, పాల కేంద్రం గోడ చాటున దిగి, సైకిలెక్కి, ఊళ్ళోకి తొక్కుకుంటూ వచ్చాడు. ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది. అకార్డియన్ వాయించారు. అతని భార్య ఊనా ఏడ్చేసింది. పత్రికలో ఫొటో పడితే, ఊనా దానికి అద్దం కట్టించి కొట్లో తూకం మిషను పైన తగిలించింది. ఇక ఏడాది పొడుగునా, కైమా కొనడానికొచ్చిన ప్రతివాళ్ళూ ఆ ఫొటో చూసి "నూట నలభై! వయసులో ఉన్నవాళ్ళకే చేతకాదు," అనడం, కోల్మన్ కైమా వైపు చూస్తూ నిలబడటం.

"నేను అబద్ధం చెప్పలేదురా మల్లకీ. నన్నెవరూ అడగలేదు," అనేవాడు నాతో. మళ్ళీ తనే, "ఈసారి మొత్తం తొక్కేస్తాను. తొక్కేస్తే పోయినేటిదీ నిజమైపోయినట్టేగా?" అనేవాడు.

"అయిపోయినట్టే," అన్నాను నేను. అదీ నా సంగతి.

అందుకే ఈ ఏడు ఆ వారం కోల్మన్‌కి అంత సంబరం. ఏదో పత్రికలో పడ్డ శిక్షణ పట్టికని ఊనా కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించింది. ఆదివారం అరవై, సోమవారం విశ్రాంతి, మంగళవారం ముప్ఫై, బుధవారం పదిహేను, గురు శుక్రవారాలు కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చోవడం. పొద్దున్న ఓట్స్ జావ, మధ్యాహ్నం ఉడికించిన బంగాళాదుంపలు. సాసేజీలు నిషేధం. రోజంతా సాసేజీలు చుట్టి అమ్మే మనిషి అవి తినకుండా వారం రోజులు గడపడం ఎలాంటిదో ఆలోచించండి.

ఆదివారం అరవై కిలోమీటర్లకి ఆరు గంటలు పట్టింది. తొక్కడానికి నాలుగు, కార్లు వద్దని చెప్పడానికి రెండు. మావైపు నడివయసు మనిషి సైకిల్ మీద కనిపిస్తే, పాపం కారు చెడిపోయిందనుకుంటాం. ఆపి ఎక్కించుకోకుండా పోయామా, ఆ పూట తిండి సహించదు.

"కారుకేమైంది కోల్మన్?"

"ఏమీ కాలేదు. బానే ఉంది."

"మరి ఈ అవస్థ? డాక్టరు చెప్పాడా?"

"లేదు, సరదాగా తొక్కుతున్నా."

"అయ్యో, సిగ్గుపడకు నాయనా, ఎక్కు. వెనక సీట్లో గొర్రెపిల్ల ఉంది, జరుగుతుందిలే."

ఒక్కొక్కరికీ ఇంటిల్లిపాది క్షేమం చెప్పి, గొర్రెపిల్ల క్షేమం అడిగి, వద్దని ఒప్పించేసరికి అయిదేసి నిమిషాలు. అయినా మధ్యాహ్నం ఇంటికొచ్చి, "అరవై! ఒక్కసారి కూడా దిగలేదు, మాట్లాడటానికి తప్ప!" అని సందులో అరిచాడు. సోమవారం విశ్రాంతి గనక కొట్లోనే ఉన్నాడుగాని, కౌంటర్ వెనక కాళ్ళు ఆడిస్తూనే ఉన్నాడు. కాలేయం కావాలని వచ్చిన ఒకావిడకి గేర్ల గురించి పావుగంట చెప్పి, కాలేయం ఇవ్వకుండానే పంపించేశాడు. ఆవిడక్కూడా ఇంటికెళ్ళాక గాని గుర్తురాక, వెనక్కొచ్చింది.

మంగళవారం పదకొండింటికి సెనన్ కాన్సిడైన్ గారి అంత్యక్రియలు. ఎనభై ఎనిమిదేళ్ళ పెద్దమనిషి. చెల్లెలు మిస్ కాన్సిడైన్‌తో కలిసి ఉండేవాడు. ఆవిడ మా బడిలో ముప్ఫై అయిదేళ్ళు పాఠాలు చెప్పింది. ముప్ఫై దాటి అరవై లోపున్న వాళ్ళం ఊళ్ళో ఎవరమైనా ఆవిడ దగ్గర చదివినవాళ్ళమే. ఇప్పటికీ ఆవిడ ఎదురైతే నా చేతులు జేబుల్లోంచి వాటంతటవే బయటికొస్తాయి.

ఏడున్నరకి బయల్దేరి, ముప్ఫై తొక్కి, పదింటికి ఇంటికొచ్చి, స్నానం చేసి, ఊనా ఇస్త్రీ చేసి మంచం మీద పరిచిన నల్ల సూటు వేసుకోవాలని కోల్మన్ ఆలోచన. ఆలోచన బాగానే ఉంది. కాని ఆ పొద్దున రోడ్డు మీదున్న ప్రతి కారూ ఆ అంత్యక్రియలకే వస్తోంది.

"సెనన్ దగ్గరికేగా? ఎక్కు ఎక్కు."

"లేదండీ, ఇంటికెళ్ళి బట్టలు మార్చుకుని..."

"ఇంటిదగ్గర దింపుతాం, ఎక్కు."

పధ్నాలుగు కార్లట. పధ్నాలుగో కారు వదిలేసి నాలుగు రోడ్ల కూడలికి దిగేసరికి, ఎదురుగా శవపెట్టె, దాని వెనక మేమందరం, ఇంటినుంచి చర్చికి నడుస్తూ వస్తున్నాం.

ఎదురైన శవయాత్రని దాటుకుని పోవడం మాలో లేదు. ఎంత పని ఉన్నా వెనక్కి తిరిగి మూడడుగులు దానితో నడవాలి. కోల్మన్ దిగాడు. హెల్మెట్ తీశాడు. సైకిల్ గోడకి ఆనించాడు. టక్కు, టక్కు, టక్కు. మూడడుగులూ అయ్యాయి. అక్కడితో వెళ్ళిపోవచ్చు. వెళ్ళిపోబోయాడు కూడా.

కాని పెట్టె మోసేవాళ్ళు కూడలి దగ్గర మారతారు. నేను మోసే వంతు వచ్చింది. నేను ఆరడుగులు. నాకు జోడీగా అవతలి భుజానికి అంత పొడుగు మనిషి కావాలి. రావలసిన మనిషి రాలేదు. అంత్యక్రియల నిర్వాహకుడు కళ్ళద్దాలు పైకి నెట్టి జనం మీదుగా చూశాడు.

"నువ్వు. ఆ పసుప్పచ్చ," అన్నాడు.

మోసే ఇద్దరూ ఒకరి భుజాల మీంచి ఒకరు చెయ్యి వేసుకుని నడవాలి. అలా నడుస్తూ చెవిలో అడిగాడు కోల్మన్. "ఒరేయ్, నా వెనకవైపు ఎలా ఉంది?"

"నేను ముందుకి చూస్తున్నాను."

"జనం చూస్తున్నారా?"

"అందరూ ప్రార్థన చేస్తున్నారు. కొంతమంది కళ్ళు తెరుచుకుని చేస్తున్నారు."

చర్చిలో రాతి పలకల నేల. టక్కు టక్కు టక్కు. మూడో వరసలో కూర్చున్న ఊనా చప్పుడు విని వెనక్కి తిరిగి, చూసి, తల దించుకుంది. ప్రార్థన కోసం కాదని నాకు తెలుసు.

సమాధి అయ్యాక హాల్లో భోజనాలు. కూరగాయల సూపు, హామ్ మాంసం, టీ, మామూలే. కోల్మన్ వెనకవైపు గోడకి ఆనించి ఒక మూల నిలబడ్డాడు. మిస్ కాన్సిడైన్ తిన్నగా అతని దగ్గరికే వచ్చింది. ఎనభై మూడేళ్ళు, చేతికర్ర, మా అందరికంటే నిటారుగా.

"ఏమిరా కోల్మన్, నల్లబట్టలు దొరకలేదా?"

"క్షమించండి మిస్. కార్లవాళ్ళు... టైము..."

"ఊరుకో. అన్నయ్య చూస్తే పడీపడీ నవ్వేవాడు," అంది. ఆవిడ మొహంలో రెండు వారాల తర్వాత మొదటిసారి నవ్వు చూశాను. అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. చెంచాతో టీ కప్పు మీద కొట్టి అందర్నీ నోరు మూయించింది.

"ఆఖరి మూడు వారాలు అన్నయ్య పక్కన నర్సు కూర్చుంది. తెల్లారేదాకా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ అమ్మాయి మా ఇంటికి రాగలిగిందంటే, వాన్లో నూట నలభై కిలోమీటర్లు తొక్కినవాళ్ళ చలవ. వాళ్ళలో ఒకడు ఈ పసుప్పచ్చ చొక్కా. మూడో తరగతిలో మైదానం చుట్టూ ఒక్కసారి పరిగెత్తమంటే చెట్టు వెనక దాక్కున్నవాడు. వాడికి చప్పట్లు కొట్టండి."

చప్పట్లు కొట్టారు. కోల్మన్ చేతిలో హామ్ ముక్క ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పాడు. మొహం ఎర్రబడింది, తెల్లబడింది.

"ఎనభై ఒకటి, మిస్," అన్నాడు.

"ఏమిటి ఎనభై ఒకటి?"

"కిలోమీటర్లు. పోయినేడు నేను తొక్కింది ఎనభై ఒకటి. ఆ తర్వాత మల్లకీ వ్యాన్లో వచ్చాను."

పాదిరీ గారు నమలడం ఆపేశారు. హాలు మొత్తం కోల్మన్ వైపు చూసి, ఆ తర్వాత, నాకిష్టం లేకపోయినా, నా వైపు తిరిగింది.

"నువ్వెక్కించుకున్నావట్రా?" అంది మిస్ కాన్సిడైన్.

"ఎక్కమనలేదు మిస్. తలుపు తీశాను."

"తలుపు ఎందుకు తీస్తార్రా?"

దీనికి జవాబు ఉందిగాని, అది చెప్పే ధైర్యం లేదు. ఈలోగా ఊనా వెనకనుంచి జనాన్ని తోసుకుంటూ వచ్చేసింది. "మూడు రోజులు! నూనె వెచ్చబెట్టి మూడు రోజులు నీ కాళ్ళు పట్టానయ్యా!"

"ఎనభై ఒకటికి కూడా నొప్పులుంటాయి ఊనా."

"అయితే ఒకటిన్నర రోజు పట్టేదాన్ని!"

ఎవరో నవ్వబోయి దగ్గారు. మిస్ కాన్సిడైన్ కర్ర నేలకి తాటించింది.

"చందాల సంగతి ఎవరూ ఎత్తకండి. నర్సు వచ్చింది, కూర్చుంది, అది జరిగిపోయింది. నేనడిగేది సైకిల్ సంగతి. ఎంత మిగిలిందిరా?"

"యాభై తొమ్మిది, మిస్."

"ఎప్పుడు పూర్తి చేస్తావ్?"

"శనివారం నూట నలభైకి నూట నలభై..."

"శనివారం ఈ ఏటి పాఠం. పోయినేటి పుస్తకం పూర్తిచెయ్యకుండా ఈ ఏటి పుస్తకం తెరవడానికి నా క్లాసులో ఎవణ్ణైనా ఒప్పుకున్నానా?"

"లేదు, మిస్."

"గురువారం మధ్యాహ్నం నీ కొట్టు మూసేస్తావుగా?"

"మూస్తాను మిస్. కాని పట్టికలో గురువారం విశ్రాంతి అని..."

"విశ్రాంతి పోయినేడే తీసుకున్నావు. గురువారం ఆ యాభై తొమ్మిదీ తొక్కితే శనివారం అందరితో బయల్దేరు. తొక్కలేదూ, హాలు ముందు నిలబడి వాళ్ళకి జెండా ఊపు."

కోల్మన్ మొహం చూడాలి ఆ క్షణంలో. సంవత్సరమంతా ఎదురుచూసిన శనివారం అది. జెండా ఊపడమనే మాట వినగానే, మిఠాయి లాక్కున్న పిల్లాడిలా అయిపోయాడు.

"తొక్కుతాను, మిస్."

"మంచిది. కొండ ఎక్కడం వరకూ మల్లకీ కూడా."

"నాకు సైకిల్ లేదు మిస్!" అన్నాను.

"మీ ఆవిడకుంది. ముందు బుట్ట ఉంటుంది. నేను చూశాను."

బుధవారం కొట్లో ఊనా ఫొటో దించేసింది. దించి మొహం గోడవైపు తిప్పి పెట్టింది. వచ్చినవాళ్ళు ఊరుకుంటారా? "కిలో అడిగితే కిలోయే ఇస్తావుగా కోల్మన్, అయిదువందల ఎనభై గ్రాములు కాదుగా?" అని ఒకరు. "దుకాణం నుంచి ఇంటిదాకా మాంసం వ్యాన్లో వస్తుందా?" అని ఇంకొకరు. అతను అన్నిటికీ నవ్వి, ప్రతి పొట్లంలో రెండు ముక్కలు ఎక్కువ వేశాడు. నిజం చెప్పేశాక మనిషి రెండు కిలోలు తగ్గినట్టున్నాడు. మధ్యాహ్నం నాకు ఫోన్ చేశాడు.

"ఒరేయ్ మల్లకీ, రేపు గాలి పడమరనుంచిట! కొండ మీద వెనకనుంచి తోస్తుంది!"

"ఆ రోడ్డు పడమరకే ఎక్కుతుందిరా. గాలి మొహానికి కొడుతుంది."

"పోనీ చల్లగా ఉంటుంది," అన్నాడు.

గురువారం రెండింటికి నాక్‌రో కొండ కిందికి చేరాం. వ్యాను ఊనా తోలింది. పక్క సీట్లో మిస్ కాన్సిడైన్, ఒళ్ళో కంబళి, చేతిలో టీ ఫ్లాస్కు. పక్క తలుపుకి ఊనా తాడుతో మూడు ముడులు వేసి వచ్చింది. నేను బుట్ట సైకిల్‌తో దిగాను. మా ఆవిడ సరదాకి బుట్టలో వాడిపోయిన లెట్యూస్ ఆకు ఒకటి అలాగే వదిలేసింది.

మొదట్లోనే వాదన వచ్చింది. ఎక్కడ ఆగాడు?

"ఈ గేటు దగ్గర," అన్నాను.

"కాదు, ఆ పైన నీళ్ళ తొట్టి దగ్గర. బాగా గుర్తు," అన్నాడు కోల్మన్.

"నేను వ్యాన్లోంచి చూశాను."

"నువ్వు సాసేజీలోంచి చూశావు."

మిస్ కాన్సిడైన్ అద్దం దించి, "అనుమానం ఉంటే వెనకనుంచి మొదలుపెట్టాలి. గేటుకి వంద గజాలు వెనక్కి వెళ్ళండి ఇద్దరూ," అంది. వెళ్ళాం.

కొండ నాలుగు కిలోమీటర్లు. ఊళ్ళో మాట ముందే పాకినట్టుంది. ప్రతి గేటు దగ్గర ఎవరో ఒకరు. వారమంతా ఎక్కు ఎక్కు అని బతిమాలినవాళ్ళే ఇప్పుడు కారు నెమ్మది చేసి, అద్దం దించి, "ఎక్కుతావా కోల్మన్?" అని ముసిముసిగా నవ్వి, హారను కొట్టుకుంటూ పోతున్నారు. గొర్రెపిల్ల ఆయన కూడా వచ్చాడు.

నా సంగతి పొడిగించను. మొదటి మలుపు దగ్గర దిగాను. రెండో మలుపు దాకా సైకిల్‌ని నేను తోశాను, మూడో మలుపు దాకా అదే నన్ను మోసినట్టుంది. ఒక ముసలావిడ గేటు దగ్గర నా బుట్టలోకి తొంగిచూసి, "కూరలు తెచ్చావా బాబూ?" అనడిగింది.

కోల్మన్ మాత్రం తొక్కుతున్నాడు. మూడో మలుపు దాటితే గోడలుండవు. సముద్రం గాలి తిన్నగా ఛాతీకి కొడుతుంది. అక్కడ పసుప్పచ్చ చొక్కా వేగం తగ్గింది. ఇంకా తగ్గింది. ముందు చక్రం అటూ ఇటూ ఊగింది. నేను సైకిల్ పడేసి పరిగెత్తాను. నూట రెండు కిలోలని పట్టుకోగలనని కాదు, పక్కన ఉంటే చాలనిపించింది.

ఊనా వ్యాన్లోంచి తల బయటపెట్టి, "దిగావంటే ఇంటికి రాకు!" అని అరిచింది. చక్రం మళ్ళీ ఊగింది. ఆమె వ్యాను నెమ్మది చేసింది. ఈసారి అరవలేదు. "కొంచెమేనయ్యా. ఆ రాయిదాకా. ఆ తర్వాత ఇంకో రాయి చూసుకుందాం."

"ఏ రాయి?" అన్నాడు కోల్మన్ ఆయాసపడుతూ.

"ఆ గొర్రె పక్కది."

"గొర్రె కదులుతోంది!"

"అయితే గొర్రె వెనక పో!"

ఆ గొర్రె ఎవరిదోగాని దాని ఋణం తీర్చుకోలేం. భయపడి రోడ్డు మధ్యన కొండ పైకే పరుగెత్తింది. దాని వెనక కోల్మన్, అతని పక్కన నేను, మా వెనక హారను కొడుతూ ఊనా. మిస్ కాన్సిడైన్ కర్రతో వ్యాను పైకప్పు మీద కొడుతోంది. ఆవిడ అరవడం నేను బళ్ళో చాలాసార్లు విన్నాను. అంత సంతోషంగా అరవడం వినలేదు.

పైకి చేరాడు. దిగలేదు. చేతులు రెండూ పైకెత్తి, సముద్రం వైపు తిరిగి, మాటలు కాని ఏదో కేక వేశాడు. ఎత్తిన చేతులతో ఇంచుమించు కాలవలో పడ్డాడు. నేను రోడ్డు మీద వెల్లకిలా పడుకున్నాను.

"మల్లకీని ఎక్కించుకోవచ్చు," అంది మిస్ కాన్సిడైన్. ఊనా తాడు ముడులు విప్పింది.

దిగేటప్పుడు మాత్రం అతని ఒళ్ళే అతనికి ఇంజిను. వ్యాన్లో మేము అరవై మీద ఉన్నా అందుకోలేకపోయాం. ఆ తర్వాత పల్లం రోడ్డు, మిగిలిన దూరమంతా గాలితో పోట్లాట. మధ్యలో రెండు అరటిపళ్ళు, ఒక చీవాటు. పాల కేంద్రం గోడ దగ్గరికి రాగానే అతను బ్రేకు వేశాడు.

"మిస్, ఇక్కణ్ణించి హాలుదాకా పోయినేడు నేనే తొక్కాను. లెక్క ప్రకారం ఇక్కడ ఆగొచ్చు."

"చూసి రాసిన జవాబుకి మార్కులుండవు. పద."

హాలు ముందు అకార్డియన్ లేదు. మావైపు అది రాత్రి భోజనాల వేళ గనక జనం కూడా పదిమందే. మిస్ కాన్సిడైన్ వ్యాను దిగి, కర్ర మీద ఆనుకుని, చేతి గడియారం చూసింది. సంచిలోంచి చిన్న పుస్తకం తీసింది. పెన్సిలు నాలికకి తడుపుకుని లెక్క వేసింది.

"పోయినేడు జూన్ మొదటి శనివారం పొద్దున్న ఎనిమిదింటికి బయల్దేరావు. ఇప్పుడు ఆరూ నలభై. మూడువందల అరవై రెండు రోజుల పది గంటల నలభై నిమిషాలు," అని చదివి, "నూట నలభై కిలోమీటర్లు. పూర్తి," అని రాసుకుంది.

కోల్మన్ ఆ పుస్తకం కేసి చూసి, "సంతకం పెట్టండి మిస్," అన్నాడు. పెట్టింది. అతను ఏడుస్తున్నాడో చెమటో చెప్పలేను. ఊనా మాత్రం ఈసారి నవ్వుతోంది.

శుక్రవారం కాళ్ళు పట్టేసి, కొట్టు మెట్లు వెనక్కి తిరిగి దిగాడు. పట్టికలో రాసినట్టు కాళ్ళు కుర్చీ మీద పెట్టుకుని కూర్చున్నాడుగాని, పది నిమిషాలకోసారి లేచి టైర్లు నొక్కి చూసి వచ్చాడు. "రేపేరా! రేపే!" అని నాకు నాలుగుసార్లు ఫోన్.

శనివారం ఎనిమిదింటికి అరవై రెండు మందితో బయల్దేరాడు. నేను వెనక వ్యాన్లో. మిస్ కాన్సిడైన్ అడక్కుండానే పక్క సీట్లో కూర్చుంది. ఎండ, గాలి, ఒక చిన్న వాన అన్నీ వచ్చాయి. నాక్‌రో మీద అతను చాలా నెమ్మదిగా, చాలా ఎర్రగా, ఏదో పాడుకుంటూ ఎక్కాడు. గురువారం తొక్కిన కాళ్ళు ఆఖర్న మొరాయించాయి. ఏడు గంటలకి పది నిమిషాలుందనగా, వెనకనించి అయిదో వాడుగా ఊళ్ళోకి వచ్చాడు.

ఈసారి ఊరంతా అక్కడుంది. అకార్డియన్ కూడా ఉంది. కోల్మన్ గీత దాటాడు. కాని ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అకార్డియన్ ఆయన వేళ్ళు మెట్ల మీద పెట్టి ఆగాడు. అందరూ అతన్ని దాటి నా వైపు చూస్తున్నారు. కోల్మన్ కూడా సైకిల్ మీదే ఉండి వెనక్కి తిరిగి నన్నే చూస్తున్నాడు.

"చెప్పు మల్లకీ," అంది మిస్ కాన్సిడైన్.

నేను వ్యాను దిగాను. చేతులు జేబుల్లోంచి తీసి, బళ్ళో నిలబడ్డట్టు నిలబడ్డాను. "హాలునుంచి హాలుదాకా, మిస్. ఒక్క గజం వదల్లేదు. తలుపు ముట్టుకోలేదు."

ఆ తర్వాత వచ్చిన గోలకి పాల కేంద్రం కుక్కలు కూడా మొరిగాయి. ఊనా అతని మెడ పట్టుకుని వేలాడింది. ఎవరో టీ ఇచ్చారు, ఎవరో సాసేజీ రొట్టె ఇచ్చారు. అది రెండు కొరుకుళ్ళలో మాయమైంది. ఆ సందట్లో కోల్మన్ నోటినిండా రొట్టెతోనే మిస్ కాన్సిడైన్ దగ్గరికి తోసుకుంటూ వెళ్ళాడు.

"ఎంతసేపు పట్టింది మిస్?"

ఆవిడ గడియారం చూసింది, పుస్తకం తీసింది, పెన్సిలు తడుపుకుంది.

"పది గంటల యాభై నిమిషాలు," అంది. "పోయినసారికంటే నయం."